సీసా నింపితేనే తెలిసేది!

రంగుండదు, వాసనుండదు, రుచిలో తేడా తెలియదు. అయినా ఆ నీళ్లు పిల్లల పళ్లను గారపట్టిస్తాయి, పెద్దల నడుములు వంచేస్తాయి. ఏ ప్రాంతంలో ఆ ముప్పు ఉండొచ్చో ఇప్పుడు కృత్రిమ మేధ కూడా చెబుతోంది. మరి ఏ బోరులో ఉందో..? నేల గుట్టు చదివే శాస్త్రవేత్తలు దానికి చెప్పే జవాబు మాత్రం పాతదే!

ఒకే వీధి. ఎదురెదురు ఇళ్లు. రెండు ఇళ్లలోనూ బోర్లున్నాయి. ఈ ఇంటాయన రెండొందల అడుగులకు నీళ్లు పడితే చాలనుకున్నాడు. ఎదురింటాయన ఎండాకాలానికి భయపడి నాలుగొందల అడుగులకు దించాడు. తాగి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. గ్లాసులో పోసి వెలుతురులో పట్టుకుంటే రెండూ తేటగానే ఉంటాయి. కానీ ఒకదాంట్లో లీటరుకు మిల్లీగ్రాము లోపే ఫ్లోరైడ్‌ ఉండొచ్చు, రెండోదాంట్లో మూడు నాలుగు మిల్లీగ్రాములు ఉండొచ్చు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ప్రకాశంలోనూ రాతినేలల మీదున్న ఊళ్లలో ఇది వింతేమీ కాదు.

ఇప్పుడు ఆ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడు సెల్‌ఫోన్‌ తీసి కృత్రిమ మేధను అడిగాడనుకోండి... ‘మా ఊరి నీళ్లు తాగడానికి మంచివేనా?’ అని. క్షణంలో జవాబొస్తుంది. జిల్లాలో ఫ్లోరైడ్‌ సమస్య ఉందని చెబుతుంది, ప్రమాణాలు చెబుతుంది, జాగ్రత్తలు చెబుతుంది. చక్కటి తెలుగులో, పేరాలు విడగొట్టి మరీ ఇస్తుంది. అందులో తప్పు ఒక్కటీ లేకపోవచ్చు కూడా.

అదే ప్రశ్న భూశాస్త్రవేత్తను అడిగితే జవాబు రాదు. ఎదురు ప్రశ్నలొస్తాయి. ఏ బోరు? ఎంత లోతు? నీళ్లు ఎప్పుడు పట్టారు, వానలకు ముందా తర్వాతా? పక్కన వరి మడులున్నాయా? చివరికి, ‘సీసాలో పట్టుకొచ్చారా?’

మొత్తం తేడా అక్కడే ఉంది.

రాయి కరిగి నీళ్లలోకి...

ఫ్లోరైడ్‌ అనగానే చాలామంది ఏదో ఫ్యాక్టరీ వదిలిన విషమనుకుంటారు. కాదు. మన కాళ్లకింద ఉన్న రాయే దాని పుట్టిల్లు. దక్కన్‌లో చాలాభాగం గ్రానైట్‌, నైస్‌ శిలలే. వాటిలో ఫ్లోరైట్‌, అపటైట్‌, నల్లగా మెరిసే బయోటైట్‌ అభ్రకం లాంటి ఖనిజాలుంటాయి. ఫ్లోరిన్‌ దాగి ఉండేది వాటిలోనే. వాననీరు నేలలోకి ఇంకి, రాతి పగుళ్లలో ఏళ్లూ పూళ్లూ నిలిచినప్పుడు ఆ ఖనిజాలు కొద్దికొద్దిగా కరుగుతాయి. పైనున్న మెత్తటి చవుడు రాతి పొరలో నీరు కొత్తది, తొందరగా మారుతుంది. కింది పగుళ్లలో నీరు పాతది. ఎంత పాతదైతే రాయితో అంత పరిచయం. బోరు లోతుగా దించినకొద్దీ ఫ్లోరైడ్‌ పెరిగే ముప్పు ఉందనడానికి కారణం ఇదే. అయితే ప్రతిచోటా లోతు బోరే చెడ్డదని సూత్రం కట్టేయడానికి లేదు. రాయి ఊరూరికీ మారిపోతుంది కదా!

ఇక్కడ సున్నం పాత్ర ఒకటుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను ఒక హద్దు దాటనివ్వదు. రెండూ కలిసి మళ్లీ ఫ్లోరైట్‌గా మారి అడుగుకు దిగిపోతాయి. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బొనేట్లు ఎక్కువైన క్షార జలాల్లో ఫ్లోరైడ్‌కు అడ్డూ అదుపూ ఉండదు. మన మెట్ట పొలాల్లో తవ్వితే తెల్లటి సున్నపు గడ్డలు కనిపిస్తాయి, గుర్తుందా? ఎండకు నీరు ఆవిరై కాల్షియం అలా గడ్డకట్టి నేలలోనే మిగిలిపోతుంది. అంటే ఫ్లోరైడ్‌ను ఆపాల్సిన కాపలాదారు నీళ్లలోంచి తప్పుకున్నాడన్నమాట. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న చోట్లే ఈ సమస్య ఎందుకు ముదిరిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం పరీవాహకంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రెంచి భూవిజ్ఞాన సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఏళ్లతరబడి భూగర్భజలాల్ని గమనించాయి. అక్కడ తేలిన విషయం రైతులకు కాస్త ఇబ్బంది కలిగించేదే. బోరు నీళ్లు వరి మడికి పెడతాం. కొంత ఆవిరవుతుంది. మిగిలింది చిక్కబడి మళ్లీ నేలలోకి ఇంకుతుంది. దాన్నే మళ్లీ తోడి మళ్లీ మడికి పెడతాం. ఇలా తిరిగిన ప్రతిసారీ లవణాలు పోగుపడతాయి, కాల్షియం గడ్డకట్టి దిగిపోతుంది, ఫ్లోరైడ్‌ పెరుగుతుంది. రాయి ఇచ్చినదాన్ని మన పంట రెట్టింపు చేస్తోందన్నమాట. వాన తక్కువ నేలలో బోరు కింద వరి వేయడం కరెంటు బిల్లు సంగతో, నీటిమట్టం సంగతో మాత్రమే కాదు, తాగునీటి సంగతి కూడా.

ఎద్దులు ముందు కుంటాయి

ఈ జబ్బు మనకు కొత్తది కాదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ గురించి తొలిసారి శాస్త్రీయంగా రాసింది తెలుగు నేల గురించే. 1937లో హెచ్‌.ఇ.షార్ట్‌ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్‌ మీద వ్యాసం ప్రచురించాడు. ఆయన చూసిన రోగులు నెల్లూరు జిల్లావాళ్లు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఊళ్లవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఆ ప్రాంతాలు అందులోకి వెళ్లాయి. డాక్టర్లకన్నా ముందు రైతులే కీడు కనిపెట్టారని చెబుతారు... కాడి కట్టిన ఎద్దులు చిన్న వయసులోనే కుంటడం చూసి. (ఇదే షార్ట్‌ పదకొండేళ్ల తర్వాత, 1948లో, మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాక్కుంటుందని గార్న్‌హామ్‌తో కలిసి నిరూపించాడు. పొదిలి వైపు కథ మాత్రం ఆయన పేరుతో ఎవరికీ గుర్తులేదు.)

తర్వాత నల్గొండ. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఒక కొత్త సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడ్‌ ప్రాంతాల్లో పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకరపోతున్నాయని ‘లాన్‌సెట్‌’ పత్రికలో రాశారు. తిండిలో కాల్షియం లేని పేద పిల్లలకే ఆ దెబ్బ ఎక్కువ. అదే నీళ్లు తాగుతున్నా పాలు, పెరుగు ఉన్న ఇంట్లో నష్టం కొంత తక్కువ. నీటి జబ్బు కాస్తా గిన్నెలో అన్నంతో కూడా ముడిపడిందన్నమాట.

ఆ రోజుల్లోనే నాగపూర్‌లోని నీరి సంస్థ ఒక పద్ధతి రూపొందించింది. నీళ్లలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్‌ పౌడరు వేసి కలిపి, తేరుకోనిచ్చి, పైనీళ్లు వంచుకోవాలి. ఫ్లోరైడ్‌ మడ్డితోపాటు అడుగుకు దిగుతుంది. దానికి ‘నల్గొండ టెక్నిక్‌’ అని పేరుపెట్టారు. ఆ పేరు తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దాకా వెళ్లింది. అక్కడి అగ్నిపర్వత నేలల్లోనూ ఇదే బాధ. అలా ప్రపంచం నల్గొండను గుర్తుపెట్టుకుంది. నల్గొండ పల్లెల్లో మాత్రం మోతాదు చూసి పటిక కలిపేవాళ్లు లేక, మడ్డి ఎక్కడ పారబోయాలో తెలియక చాలాచోట్ల అది అటకెక్కింది. కాగితం మీద చవకైన పద్ధతి ఇంట్లోకి వచ్చేసరికి రోజూ చేయాల్సిన చాకిరీ అయిపోతే, ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా?

2003లో మర్రిగూడ ప్రాంతానికి చెందిన ఫ్లోరోసిస్‌ బాధితుడు అంశాల స్వామిని ఉద్యమకారులు ఢిల్లీ తీసుకెళ్లి, ప్రధాని వాజ్‌పేయి ముందు బల్లమీద పడుకోబెట్టారు. వంకరపోయిన ఆ చిన్న దేహమే వినతిపత్రం. ఆయన 2023 జనవరిలో కన్నుమూశాడు. ఈలోగా కృష్ణా జలాలు పైపుల్లో వచ్చాయి. మిషన్‌ భగీరథ తర్వాత, తెలంగాణలో ఫ్లోరైడ్‌ బాధిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అది చిన్న విజయం కాదు. ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉండటం ఏ అవార్డుకన్నా గొప్ప సంగతి.

అయితే లెక్కలో సున్నా అంటే ఆ ఆవాసానికి సురక్షిత నీరు అందుతోందని. నేలలో ఫ్లోరైడ్‌ పోయిందని కాదు. పైపు పగిలిన వారం ఏం తాగుతున్నారు? పొలం పనికి పోయినవాళ్లు మధ్యాహ్నం దాహం వేస్తే ఏ బోరు దగ్గర దోసిలి పడుతున్నారు? ఇటుక బట్టీల దగ్గర, కోళ్లఫారాల దగ్గర గుడిసెలు వేసుకున్న వలస కుటుంబాల సంగతేంటి? నగర శివార్లలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు ఏ నీళ్లతో నడుస్తున్నాయి? రాయికి జిల్లా సరిహద్దులు తెలియవు, రాతినేల మీద లేచిన కాలనీలూ దానికి తెలియవు.

అడగని ప్రశ్న

నీటి పరీక్షలో పెద్ద తప్పు తప్పుడు జవాబు కాదు, అడగని ప్రశ్న. దీనికి ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద పాఠం బంగ్లాదేశ్‌ నేర్పింది.

అక్కడ చెరువు నీళ్లు తాగి పిల్లలు అతిసారంతో చనిపోతున్నారని 1970ల నుంచి లక్షలాదిగా చేతిపంపులు వేయించారు. ఉద్దేశం మంచిదే. పిల్లల ప్రాణాలూ నిలబడ్డాయి. కానీ హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఆ ఒండ్రులో ఆర్సెనిక్‌ ఉంది. దాన్ని ఎవరూ పరీక్షించలేదు. 1992లో బ్రిటిష్‌ భూవిజ్ఞాన సంస్థ కొన్ని బావుల నీళ్లు తీసుకెళ్లి రకరకాల మూలకాల కోసం పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఆ జాబితాలో ఆర్సెనిక్‌ లేదు. ఆర్సెనిక్‌ నీళ్లు తాగి జబ్బుపడ్డ గ్రామస్థుడొకరు బ్రిటన్‌ కోర్టులో దావా వేశాడు. 2006లో అక్కడి హౌస్‌ ఆఫ్‌ లార్డ్స్‌ దాన్ని కొట్టేసింది. చట్టం ప్రకారం ఆ సంస్థకు అతని పట్ల అలాంటి బాధ్యత లేదంది. చట్టం సంగతి అలా ఉంచితే, నివేదికలో ఒక్క అంకె కూడా తప్పు కాకపోయినా ఊళ్లకు ఊళ్లు మోసపోవచ్చని ఆ కథ చెబుతుంది.

మరి బయటపడే దారేంటి? అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం లామాంట్‌-డోహర్టీ భూపరిశీలన కేంద్రానికి చెందిన భూరసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్‌ వాన్‌ గీన్‌ బృందం 2000-01లో ఢాకా దగ్గరి అరాయిహజార్‌లో ఒక పాతకాలపు పని చేసింది. పాతిక చదరపు కిలోమీటర్లలో ఉన్న దాదాపు 6,000 బావుల్నీ ఒక్కొక్కటిగా పరీక్షించారు. సగానికి సగం చెడ్డవే. కానీ చెడ్డ బావుల పక్కనే మంచివీ ఉన్నాయి! చెడ్డ బావి ఉన్న ఇళ్లలో చాలావాటికి వంద మీటర్లలోపే ఓ మంచి బావి ఉంది. కావాల్సింది యంత్రాలు కాదు, ఏది ఏదో తెలియడం.

ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో దేశమంతటా దాదాపు 50 లక్షల బావుల్ని పరీక్షించి, చెడ్డవాటి మూతికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. దాదాపు 14 లక్షల పంపులు ఎర్రబడ్డాయి. చదువురాని అమ్మకు కూడా ఏ పంపు దగ్గర బిందె పెట్టాలో తెలిసింది. రంగు డబ్బా, కుంచె... ఇంతే! తర్వాతి ఏళ్లలో కొత్త పంపులు లక్షలాదిగా వెలిశాయి. వాటిని పరీక్షించేవాళ్లు తగ్గిపోయారు. అది వేరే దుఃఖం.

యంత్రం ఎక్కడ పనికొస్తుంది?

మన దేశంలో ఉన్న బోర్లన్నిట్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కృత్రిమ మేధ నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

2018లో స్విట్జర్లాండ్‌లోని ఈవాగ్‌ జలపరిశోధన సంస్థకు చెందిన జోయెల్‌ పోడ్‌గోర్‌స్కీ, మైఖేల్‌ బెర్గ్‌లు, మన శాస్త్రవేత్తలు పవన్‌ లభసేత్వార్‌, దీపాంకర్‌ సాహాలతో కలిసి దేశం మొత్తానికీ ఫ్లోరైడ్‌ ముప్పు పటం గీశారు. ఎలా? దేశమంతటా పన్నెండు వేలకుపైగా చోట్ల నీళ్లు పరీక్షించిన ఫలితాలు కంప్యూటరుకిచ్చారు. దాంతోపాటు ఆయా చోట్ల రాయి, మట్టి, వాన, ఎండ, నేల వాలు లాంటి వివరాలూ ఇచ్చారు. వాళ్లు వాడిన పద్ధతి పేరు ‘ర్యాండమ్‌ ఫారెస్ట్‌’. అంటే అడవి. అందులో వందలకొద్దీ చెట్లు. ఒక్కో చెట్టూ ఓ ప్రశ్నల కొమ్మ పట్టుకుని పోతుంది... వాన ఇంతకన్నా తక్కువా? అయితే కింద గ్రానైటేనా? అయితే నేల క్షారమా? చివరికి ఒక్కో చెట్టు ఒక్కో తీర్పు చెబుతుంది. ఎక్కువ చెట్లు ఏమంటే అదే మాట. మన రచ్చబండ తీర్పులాంటిదే. కాకపోతే ఇక్కడ పెద్దమనుషులు వందలమంది!

దేశంలో దాదాపు 12 కోట్లమంది ఫ్లోరైడ్‌ ముప్పున్న చోట్ల ఉన్నారని ఆ పటం అంచనా. ఇదే బాటలో పోడ్‌గోర్‌స్కీ, బెర్గ్‌లు 2020లో ‘సైన్స్‌’ పత్రికలో ప్రపంచ ఆర్సెనిక్‌ పటం ప్రచురించారు. అక్కడ ముప్పు అంచనా 9.4 కోట్ల నుంచి 22 కోట్ల దాకా. రెండు అంకెల మధ్య అంత దూరమెందుకని ఆశ్చర్యపోవక్కర్లేదు. తెలిసినంతవరకే చెప్పడమంటే అదే. ఆ వెడల్పే ఆ పనికి మర్యాద.

ఈ పటం వల్ల ప్రయోజనం పెద్దదే. ఇప్పటిదాకా ఒక్క సీసా కూడా నింపని ఊళ్లలో ఎక్కడ ముందు నింపాలో చెబుతుంది. డబ్బు, మనుషులు తక్కువున్న చోట అది వరం. అయితే దానికి రెండు హద్దులున్నాయి. ఒకటి... అది ప్రాంతానికి సంబంధించిన సంభావ్యత చెబుతుందే తప్ప ఫలానా బోరు మంచిదో చెడ్డదో చెప్పదు. ఎదురెదురు ఇళ్ల బోర్లు పటంలో ఒకే రంగు చుక్క. రెండోది... ఆ పన్నెండు వేల సీసాల్ని ఎండలో తిరిగి నింపినవాళ్లు లేకపోతే యంత్రానికి నేర్చుకోవడానికి పాఠమే లేదు. పరీక్షించనిదాన్ని అది ఊహించగలదు గానీ, అడగని ప్రశ్నను తనంతట తాను అడగలేదు. 1992 జాబితాలో లేని ఆర్సెనిక్‌ను ఆ జాబితా చదివి ఏ యంత్రమూ కనిపెట్టలేదు.

తరగతి గదిలో ‘తెలియదు’కు చోటు

సీబీఎస్‌ఈ 2019లోనే తొమ్మిదో తరగతి నుంచి కృత్రిమ మేధను ఐచ్ఛికాంశంగా పెట్టింది. 2026-27 నుంచి మూడో తరగతి పిల్లలకూ దాని పరిచయం మొదలవుతుందని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. మరోవైపు తరగతి గదిలో ఈ మాటలల్లే యంత్రాల్ని పిల్లలు సొంతంగా వాడటానికి కనీసం 13 ఏళ్ల వయసైనా ఉండాలని యునెస్కో 2023లో సూచించింది. ఇంట్లో అమ్మానాన్నలకు ఈ చర్చలేవీ తెలియకముందే ప్రాజెక్టు వర్కులన్నీ ఫోన్లోనే తయారైపోతున్నాయి.

‘మా ఊరి నీటి నాణ్యత’ అని ప్రాజెక్టు ఇస్తారు. పిల్లవాడు ఫోన్లో అడిగి నాలుగు పేజీలు దించేస్తాడు. ముఖచిత్రం మీద నీలిరంగు చుక్క బొమ్మ. టీచరు మార్కులేస్తారు. ఊళ్లో ఒక్క బోరు దగ్గరకూ ఎవరూ వెళ్లరు. ఇందులో యంత్రం తప్పేముంది? ఇంతకుముందు గైడు చూసి రాసినప్పుడూ జరిగింది ఇదే కదా. కాకపోతే గైడులో మన ఊరి పేరుండేది కాదు. కాబట్టి అది మన ఊరి సంగతి కాదని తెలిసిపోయేది. ఇప్పుడు ఊరి పేరుతో సహా రాసిస్తుంది. ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే.

ఇదే ప్రాజెక్టును తిరగేసి చేయించొచ్చు. తరగతిలో ముప్పైమంది పిల్లలుంటే ముప్పై బోర్లు. ఒక్కొక్కరు ఒక్కో సీసా. ఇంట్లో పెద్దవాళ్లనడిగి బోరు ఎన్ని అడుగులో, ఏ సంవత్సరంలో వేశారో రాసుకోవాలి. పరీక్ష కిట్టుతో రంగు మారడం కళ్లారా చూడాలి. జల్‌జీవన్‌ మిషన్‌ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఈ కిట్లతో పరీక్ష చేయడంలో శిక్షణ ఇవ్వాలన్నది 2019 నుంచీ ఉన్న మాటే. కాబట్టి ఆ అక్కల్ని బడికి పిలిస్తే చాలు. ముప్పై అంకెలూ వచ్చాక అప్పుడు యంత్రాన్ని పిలవాలి. లోతుకూ ఫ్లోరైడ్‌కూ సంబంధముందేమో చూడమనాలి. ల్యాబు నివేదికలోని ఇంగ్లిషు మాటలకు తెలుగులో అర్థం చెప్పమనాలి. పటం గీయమనాలి. అక్కడ అది బంగారం లాంటి సహాయకుడు. పిల్లలకు అసలు పాఠం ఎప్పుడు మొదలవుతుందంటే, యంత్రం చెప్పిన సగటుకు తమ ఇంటి బోరు అంకె సరిపోలనప్పుడు!

జవాబు లేని ప్రశ్నలు కూడా ఉంటాయని పిల్లలకు చెప్పాలంటే శ్రీకాకుళం ఉద్దానం ఉంది. అక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయి? నీళ్లలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసేటప్పుడు ఒంట్లో నీరు తగ్గడం... అన్నిటినీ అనుమానించారు. ఎన్నో బృందాలు వెళ్లాయి, నమూనాలు పట్టుకెళ్లాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. నది నీళ్లు తెచ్చే పథకమూ అప్పుడే ప్రారంభించారు. కానీ ‘ఇదే కారణం’ అని అందరూ ఒప్పుకొన్నది ఇంకా లేదు. ఫోన్లో అడిగితే మాత్రం వరసపెట్టి కారణాలు చెబుతుంది. అనుమానాల జాబితాను కారణాల జాబితాగా చదివేసుకోవడం పిల్లలకే కాదు, పెద్దలకూ తేలికే. ఉద్దానంలో ఓ కుటుంబం దాన్ని నమ్మి ఒక నీళ్లు మానేసి, అంతకన్నా చెడ్డ నీళ్లు మొదలుపెడితే?

యంత్రానికీ దాహమే

ఈ కథలో ఇంకో మలుపుంది. మన ప్రశ్నలకు జవాబులిచ్చే కంప్యూటర్ల గోడౌన్లు వేడెక్కుతాయి. చల్లబరచడానికి చాలాచోట్ల నీళ్లు కావాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌ పరిశోధకులు 2023లో వేసిన లెక్క ప్రకారం అప్పటి జీపీటీ-3తో పది నుంచి యాభై జవాబులకు అర లీటరు నీళ్లు ఖర్చు. అందులో కరెంటు ఉత్పత్తికి పట్టే నీళ్లూ ఉన్నాయి. తమ జెమిని మామూలు ప్రశ్నొకదానికి 0.26 మిల్లీలీటర్లు, అంటే ఐదు చుక్కలు వాడుతుందని గూగుల్‌ 2025లో చెప్పింది. అందులో కరెంటు నీళ్లు కలపలేదు. ఎవరి గిన్నెతో కొలిస్తే వాళ్ల లెక్క! విశాఖలో దాదాపు 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్‌ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఉద్యోగాల సంగతి ఎలాగూ అడుగుతారు. ఏ నీళ్లు, ఏడాదికి ఎన్ని, వాడాక ఎక్కడికి అన్నది కూడా అడగాల్సిన ఊరే అది. వేసవిలో ట్యాంకర్ల వెంట పరుగెత్తడం విశాఖవాసులకు తెలియని విషయం కాదు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

ఫ్లోరైడ్‌ విషయంలో ఇళ్లల్లో కొన్ని అపోహలు గట్టిగా పాతుకుపోయాయి. మరిగిస్తే పోతుందనుకుంటారు. పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలింది చిక్కబడుతుంది. క్యాండిల్‌ ఫిల్టరు మట్టిని ఆపుతుంది గానీ ఫ్లోరైడ్‌ను ఆపదు. పెన్నులాంటి టీడీఎస్‌ మీటరు ముంచి ‘నూట యాభై వచ్చింది, బ్రహ్మాండం’ అని ఫిల్టర్లు అమ్మేవాళ్లు చెబుతుంటారు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుందంతే. అందులో ఫ్లోరైడ్‌ రెండు మిల్లీగ్రాములుందా, సున్నా ఉందా అన్నది దానికి తెలియదు. ఆర్‌వో యంత్రం సరిగా పనిచేస్తుంటే ఫ్లోరైడ్‌ను బాగానే తగ్గిస్తుంది. కాకపోతే కాల్షియాన్నీ తీసేస్తుంది, చాలా నీళ్లు పారబోస్తుంది. పొర పాడైతే చెప్పదు. ఇరవై లీటర్ల క్యాన్‌ మీద అందమైన పేరున్నంత మాత్రాన లోపలి నీళ్లను ఎవరైనా పరీక్షించారని కాదు.

భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్‌ ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారే లేనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చు. పళ్ల పింగాణీ తయారయ్యేది ఎనిమిదేళ్లలోపే. ఆ వయసులో పడ్డ గార తర్వాత ఎన్ని మంచినీళ్లు తాగినా పోదు. కాబట్టి పసిపిల్లలున్న ఇల్లయితే పరీక్ష ఈ నెలా వచ్చే నెలా అని వాయిదా వేయాల్సింది కాదు. తాగడానికీ వంటకూ ఒక నీళ్లు, మిగతా వాడకానికి ఇంకోటి అని విడదీసినా చాలు. స్నానానికీ బట్టలకూ ఫ్లోరైడ్‌ నీళ్లతో ఇబ్బంది లేదు.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో పరీక్ష చేస్తారు. సీసా ప్లాస్టిక్‌ది అయితే మంచిది, గాజుతో ఫ్లోరైడ్‌ కలబడుతుంది. బోరు నాలుగైదు నిమిషాలు వదిలేసి, పైపులో నిలిచిన నీళ్లు పోయాక, అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు కడిగి అప్పుడు నింపాలి. మే నెలలో ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక నవంబరులో ఒకసారి పట్టిస్తే ఏడాది పొడవునా బోరు ఎలా మారుతోందో తెలుస్తుంది. సీసా మీద తేదీ, వీధి, ఇంటివాళ్ల పేరు అందరూ రాస్తారు. బోరు లోతు రాయడం మాత్రం చాలామంది మర్చిపోతారు. ల్యాబు వాళ్లు అడగకపోయినా అదీ రాసి ఇవ్వండి.